అవగాహనా స్నానం

మా ఖమ్మం జిల్లాలో ఫిబ్రవరి నాలుగో తారీకంటే మిరపకోతలు ముమ్మరంగా సాగే రోజు. ప్రపంచానికి అది క్యాన్సర్ దినం. రెండూ ఒకే రోజు పడటంలో మిరపకాయ తప్పేమీ లేదు, అది తరతరాలుగా ఆ నెలలోనే పండుతోంది. అయినా ఏటా ఆ రోజు పదకొండు గంటలకి, ఊళ్లో పనిచేసే ఆడమనిషి ఒక్కతీ దొరకని వేళ చూసుకుని మరీ, ఏదో ఒక ఊరి బడి ముందు షామియానా లేస్తుంది. దాని నుదుట ఫ్లెక్సీ: “ఉచిత క్యాన్సర్ నిర్ధారణ శిబిరం.”

ఆ ఫ్లెక్సీ ముందు ఆగి, మనవరాలి చేత చదివించుకున్న ఒక అవ్వని చూశాను.

“నిర్ధారణంటే ఏందే?”

“ఉందని ఖాయం చేసుడు, నాయనమ్మా.”

“ఉత్తగనేనా?”

“ఆఁ, ఉచితమట.”

“ఎవళ్లకి కావాలమ్మా అది!” అని, కోత కూలీల ఆటో వస్తే ఎక్కి వెళ్లిపోయింది.

మన ఆరోగ్య ప్రచారం మీద ఇంతకంటే సూటి సమీక్ష నేనెక్కడా చదవలేదు. వచ్చినవాళ్లలో అత్యధికులు “నీకేం లేదమ్మా, పో” అనిపించుకుని ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయే పరీక్ష అది. దానికి “క్యాన్సర్ నిర్ధారణ” అని పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, పెళ్లిపందిరికి “విడాకుల శిబిరం” అని బోర్డు కట్టగల సమర్థుడు.

శిబిరం చూడని అదృష్టవంతుల కోసం నాలుగు మాటలు. పది గంటలకన్నది పదకొండున్నరకి మొదలవుతుంది. మహిళా సంఘాల వాళ్లని లీడరమ్మ ఫోన్లు చేసి రప్పిస్తుంది. రానివాళ్లకి వచ్చే నెల లోను సంగతి నవ్వుతూనే గుర్తుచేస్తుంది. జ్యోతి ప్రజ్వలన జరుగుతుంది. అగ్గిపుల్ల గాలికి ఆరిపోయిన ప్రతిసారీ ఫొటోగ్రాఫరు “ఇంకొక్కసారి సార్” అంటాడు. శాలువాలు కప్పుతారు. వక్తలు ఐదుగురు. ఐదుగురూ క్యాన్సర్‌ని మహమ్మారి అంటారు, ఐదుగురూ ముందుగా గుర్తిస్తే నయమంటారు. ఎక్కడ గుర్తిస్తారు, ఎవరు గుర్తిస్తారు, గుర్తించేటప్పుడు చీర ఎంతవరకు ఎత్తాలి, తలుపేస్తారా లేదా అన్న సంగతి ఐదుగురిలో ఒక్కరూ ఎత్తరు. కొండంత రాగం తీసి గోరంత పాట అంటారే, ఇక్కడ ఆ గోరు కూడా ఉండదు. వందన సమర్పణ, సమోసా, మామిడి రసం ప్యాకెట్టు. లొకేషన్ పడేలా గ్రూపు ఫొటో. మరి పరీక్షో? పరీక్ష చేసే మేడం పక్క మండలంలో ఇంకో శిబిరానికి వెళ్లింది. అక్కడ జ్యోతి దగ్గర నిలబడి ఉంది.

దీన్ని మనవాళ్లు “అవగాహన కల్పించడం” అంటారు. నిఘంటువు తీయండి. అవగాహనం అంటే మునక, స్నానం. తెలుసుకోవడమన్న అర్థం ఆ మునకలోంచే పుట్టింది. మన సదస్సులు మాత్రం మొదటి అర్థం దగ్గరే ఆగిపోయాయి. జనాన్ని పోగేసి, ఒక్క ముంచు ముంచి, పైకి తీసి, ప్యాకెట్టు చేతిలో పెట్టి పంపేయడం. పుష్కరాల లెక్కే ఇదీనూ. ఎందరు మునిగారన్నది సాయంత్రానికల్లా బులెటిన్‌లో వస్తుంది. పాపం పోయిందో లేదో అడిగే నాథుడుండడు.

ఇక భాష. గోడమీది పోస్టరు “గర్భాశయ ముఖద్వార క్యాన్సర్” అంటుంది. ముఖద్వారం అనగానే తెలుగువాడి కళ్లముందు ఓరుగల్లు కోట తోరణం నిలబడుతుంది, ఏనుగులు నిలబడతాయి. మా పక్కింటి వదిన దాన్ని “గర్భసంచి మూతి” అంటుంది. అలాగే రాయొచ్చు కదా అని ఒకసారి ఒక పెద్దమనిషినడిగితే “మరీ పచ్చిగా ఉంటుందండీ” అన్నాడు. మూతి పచ్చి అయింది, ద్వారం మర్యాద అయింది. ఆ మర్యాద అర్థంకాక ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లు తమకు ఆ ద్వారం అనేది ఒకటుందని కూడా తెలియకుండా గోడ పక్కనుంచి నడిచిపోతున్నారో ఆయనకి పట్టదు.

భాషకంటే పెద్ద తప్పు దాని కిందే ఉంది. “ఈ లక్షణాలుంటే వెంటనే సంప్రదించండి” అని మొదలుపెట్టి, గడ్డ, పుండు, నెత్తురు, వాసన అని వరసగా ఒక జాబితా. ఒంట్లో ఏ బాధా లేని ఆడమనిషి ఆ జాబితా చదివి ఏమనుకోవాలి? “మనకివేం లేవు, మనం వెళ్లక్కర్లేదు” అనే కదా! కానీ ఈ పరీక్ష ఉన్నదే ఏ బాధా లేనివాళ్ల కోసం. లక్షణాలున్న మనిషి శిబిరం తేదీ కోసం కూర్చోకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికి పోవాలి. దొంగ పడకముందు వేయాల్సిన తాళానికి, “మీ ఇంట్లో దొంగతనం జరిగిందా? అయితే వెంటనే మా తాళం కొనండి” అని ప్రకటన ఇచ్చినట్టుంది యవ్వారం. గర్భసంచి మూతి దగ్గర కణాల్లో తేడా మొదలై అది క్యాన్సర్‌గా ముదరడానికి మామూలుగా పదేళ్ల పైనే పడుతుంది. పదేళ్ల గడువు! మన ప్రభుత్వాఫీసుల్లో ఏ దరఖాస్తుకూ లేనంత సావకాశం. ఈ ఒక్క మంచి కబురు మాత్రం ఏ పోస్టరు మీదా కనబడదు.

బొమ్మల సంగతి ఎత్తకపోతేనే మంచిది. ఎత్తుతాను. నోటి క్యాన్సర్ పోస్టరు మీద మీసాలున్న మగాడు సిగరెట్టు కాలుస్తూ ఉంటాడు. శ్రీకాకుళం తీరానికి వెళ్లండి. అక్కడ చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చే ముసలమ్మలున్నారు. ఆ వేడికి అంగిలి కాలి పుండ్లు పడటం, అవి క్యాన్సర్‌కి తిరగడం వైద్యులు యాభై ఏళ్ల కిందటే రాసిపెట్టారు. ఆ అవ్వ పోస్టరు వైపు చూసి “పాపం ఎవరో మొగోడు, చెడిపోతన్నాడు” అనుకుని చుట్ట తిప్పి పెట్టుకుంటుంది.

మొన్న మా పక్కింటి వరండాలో జరిగింది చెప్పాలి. ఇంటింటి సర్వేకి ఆశా కార్యకర్త వచ్చింది. చేతిలో ఫోను, చంకలో సంచి, సంచిలో టేపు. మా వదినకి ముప్పై తొమ్మిదేళ్లు. వరండాలో అరుగుమీద వాళ్లత్తగారు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కుర్చీలో మామగారు పేపరు చదువుతున్నాడు, అంటే పేపరు అడ్డం పెట్టుకుని అంతా వింటున్నాడు. నేను ప్రహరీకి ఇవతల బట్టలారేస్తున్నాను. అంటే నేనూ వింటున్నాను.

“వదినా, ఐదే నిమిషాలు. ఫోన్ దగ్గర పెట్టుకో, ఓటీపీ వస్తది.”

ఓటీపీ మా అన్న ఫోనుకి వెళ్లింది. ఆయన ఆఫీసులో ఉన్నాడు. ఫోన్ చేస్తే “ఎవడికీ ఓటీపీ చెప్పకండి, బ్యాంకు డబ్బులు పోతాయి” అని కేకలేశాడు. ప్రభుత్వం వారి ఒక ప్రచారం జనంలోకి ఎంత బాగా వెళ్లిందో చూడండి, రెండో ప్రచారాన్ని గుమ్మంలోనే నిలబెట్టేసింది. పావుగంట తర్వాత అంకెలు దొరికాయి.

బీపీ అయింది. టేపుతో నడుము కొలత అయింది. “జాకెట్టు కుడతావేంటే” అని అత్తగారి ఛలోక్తి కూడా అయింది. తర్వాత ఆశ గొంతు రెండు మెట్లు దిగింది.

“రొమ్ములో గడ్డగానీ ఏమన్నా...”

పేపరు పేజీ తిరగేసిన చప్పుడు ఆగిపోయింది. చిక్కుడు ఈనె సగంలో ఆగింది. వదిన “లేదు” అంది. “చూసుకున్నావా?” అని ఆశ అడగలేదు, అడిగే వీలూ లేదు. “నెల మధ్యలో...” “లేదు.” “తెల్లబట్ట, వాసన...” “లేదు లేదు.” తర్వాతి ప్రశ్న ఆలుమగలు కలిసిన తర్వాత నెత్తురు కనబడుతుందా అని. ఆశ తెరమీద దాన్ని చూసింది, మామగారి వైపు చూసింది, వదిన వైపు చూసింది. “ఇది కూడా లేదులే వదినా, లేదని పెట్టేస్తన్నా” అని వేలితో ఒక్క నొక్కు నొక్కింది.

ఆ నొక్కుతో మా వదిన ఆరోగ్యవంతురాలైంది. మండలం లెక్కలో ఒకటి పెరిగింది, జిల్లా శాతం ఒక వెంట్రుకవాసి పైకి జరిగింది. వెళ్తూ వెళ్తూ ఆశ “సబ్ సెంటర్‌కి ఒకసారి రా వదినా, మేడం చూస్తది” అంది. ఏం చూస్తుందో చెప్పలేదు. వదిన అడగలేదు. మామగారు పేజీ తిప్పాడు.

నేను ఆశని తప్పుపట్టను. ఆమెకిచ్చే డబ్బులకి ఆమె మోసే రిజిస్టర్లకి పొంతన లేదు. నెత్తిన టార్గెట్టు, చేతిలో హ్యాంగయ్యే యాప్. ఆమె చేతికి ప్రశ్నలిచ్చారు గానీ అవి అడగడానికి ఒక గది ఇవ్వలేదు. వరండాలో అడగదగ్గ ప్రశ్నలు ఏవో, తలుపు మూసి అడగవలసినవి ఏవో ఆ యాప్ తయారుచేసినవాడికి తెలియదు. వాడింట్లో వరండా లేదేమో.

ఇప్పుడు లెక్కలు. ముప్పై దాటినవాళ్లకి నోరు, రొమ్ము, గర్భసంచి మూతి అయిదేళ్లకోసారి చూడాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో పద్ధతి రాసిపెట్టింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లని అడిగితే, జీవితంలో ఒక్కసారైనా గర్భసంచి మూతి పరీక్ష చేయించుకున్నామన్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి 1.9. రొమ్ము చూపించుకున్నవాళ్లు 0.9. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030 నాటికి నూటికి డెబ్భైమందికి పరీక్ష జరగాలంటోంది. ఆ సర్వే నాటికి మనం రెండు దగ్గరే ఆయాసపడుతున్నాం. ఈ దేశంలో ఏడాదికి లక్షా పాతికవేల పైచిలుకు ఆడవాళ్లకి ఈ మూతి క్యాన్సర్ బయటపడుతోంది, డెబ్భై తొమ్మిది వేలకి పైగా చనిపోతున్నారు.

ఎందుకిలా అని అడిగితే ఆఫీసులన్నింటా ఒకే జవాబు: “జనంలో అవగాహన లేదండీ.” ఎంత అందమైన జవాబు! పరీక్ష చేసే మనిషి లేదు, బల్ల లేదు, లైటు లేదు, దూది లేదు అంటే ఎవరో సంజాయిషీ ఇవ్వాలి. అవగాహన లేదంటే ఎవరూ ఇవ్వక్కర్లేదు. లేనిది జనంలో కదా! ఆ లోటు పూడ్చడానికి ఇంకో సదస్సు, ఇంకో ఫ్లెక్సీ, ఇంకో జ్యోతి.

జనానికి చెబితే ఎక్కదు అనేవాళ్లకి ఇంకో అంకె చూపిస్తాను. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించేసుకున్నవాళ్లు దేశంలో నూటికి 3.2. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పరీక్షకి వచ్చినవాళ్ల లెక్కతో దీన్ని తూకం వేయడం గణితానికి పొసగదని నాకు తెలుసు. వాటిలో నిజంగా అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి. కానీ మా చిన్నమ్మలనీ పెద్దమ్మలనీ కూర్చోబెట్టి ఎందుకు తీయించుకున్నారని అడగండి. సగంమంది నోట ఒకటే మాట: “తీసెయ్యకపోతే క్యాన్సర్ అవుద్దన్నాడమ్మా డాక్టరు.”

అదీ ప్రచారమంటే. షామియానా లేదు, శాలువా లేదు. ముఖద్వారమని సంస్కృతం లేదు. ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె కళ్లలోకి చూస్తూ, ఆమె భాషలో, ఒక్క వాక్యం. వెంటనే ఎంతవుద్దో చెప్పాడు, ఏ రోజు రావాలో చెప్పాడు, ఎన్నాళ్లు మంచం మీదుండాలో చెప్పాడు, బరువులెత్తొద్దన్నాడు. కూలి మానుకుని, మెళ్లో పుస్తెలు తాకట్టు పెట్టి మరీ వెళ్లి చేయించుకున్నారు. అవగాహన లేని జనం! అబద్ధం చెప్పేవాడు ఇంత వివరంగా చెబుతుంటే, నిజం చెప్పాల్సినవాళ్లు ఫ్లెక్సీ సైజు గురించి టెండర్లు పిలుస్తున్నారు.

నగరాల సంగతి వేరు. అక్టోబరొస్తే హైదరాబాదు గులాబీ రంగెక్కుతుంది. రిబ్బన్లు గులాబీ, టీషర్టులు గులాబీ, పెద్ద పెద్ద కట్టడాల మీద దీపాలు గులాబీ. (తెలంగాణలో ఊరంతా గులాబీ కనబడితే జనం మొదట ఎన్నికలొచ్చాయేమో అనుకుంటారని వాళ్లకి ఎవరైనా చెప్పి ఉండాల్సింది.) పొద్దున్నే మూడు కిలోమీటర్ల పరుగు. రోజూ జిమ్ముకి పోయే వాళ్లే ఆ రోజూ పరుగెడతారు. వాళ్లని దాటి ఆ వేళకే బస్తీలోంచి నాలుగిళ్లలో అంట్లు తోమడానికి వాళ్లకంటే వేగంగా నడిచిపోయే ఆవిడకి టీషర్టు ఇవ్వరు.

ఢిల్లీవాళ్లు ఇంకా నాజూకు. 2024 అక్టోబరులో అక్కడి మెట్రో రైల్లో యువరాజ్ సింగ్ గారి ఫౌండేషన్ ఒక ప్రకటన అంటించింది. రొమ్ములు అనే మాట నోట రాక, “మీ కమలాపండ్లని నెలకోసారి చూసుకోండి” అన్నారు. జనం దుమ్మెత్తిపోస్తే మెట్రోవారు ఊడబీకారు. రొమ్ముని రొమ్మనడానికి సిగ్గుపడేవాళ్లు, దాన్ని ముట్టి చూసుకోమని ఆడవాళ్లకి ధైర్యం చెప్పబోయారు. అదే ఏడాది ఫిబ్రవరిలో నటి పూనమ్ పాండే గర్భసంచి మూతి క్యాన్సర్‌తో చనిపోయిందని ఆమె ఖాతాలోనే ప్రకటించి, మర్నాడు ఆమే బతికొచ్చి “ఇదంతా అవగాహన కోసం” అంది. నిజంగా ఆ జబ్బుతో ఆ రోజు ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లకి మర్నాడు బతికొచ్చే వీలు లేదు కాబట్టి వాళ్లెవరూ ప్రెస్‌మీట్ పెట్టలేదు.

ఇంకో జాతి ప్రచారకులున్నారు, మార్చి ఎనిమిదికి ఫోన్‌లోకి వచ్చేవాళ్లు. “మహిళా దినోత్సవ ఆఫర్! క్యాన్సర్ మార్కర్లతో సహా డెబ్భై పరీక్షలు, సగం ధరకే!” నెత్తురు చుక్కలో క్యాన్సర్ పట్టేస్తారట. ఏ బాధా లేని మనిషికి ఆ మార్కర్లన్నీ చేయించడం వల్ల క్యాన్సర్ దొరకడం తక్కువ, అనుమానం దొరకడం ఎక్కువ. ఒక అంకె గీత దాటితే చాలు, స్కానింగులు మొదలవుతాయి, మనిషి నిద్ర పోతుంది, ఆసుపత్రి వాడికి మాత్రం నిద్ర బాగా పడుతుంది. దక్షిణ కొరియాలో ఇలాగే గొంతు మీద స్కానింగు మీట పెట్టడం మొదలెట్టాక 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ లెక్క 1993 నాటికంటే పదిహేను రెట్లయింది. చావుల లెక్క మాత్రం అక్కడే ఉంది. జనానికి జబ్బు పెరగలేదు, జబ్బుపేరు పెరిగింది. పల్లెలో చేయాల్సిన పరీక్ష చేసేవాడు లేడు. పట్నంలో చేయకూడని పరీక్ష వదిలేవాడు లేడు.

ఫ్లెక్సీల మీద ఇంకో మాట ఉంటుంది చూశారూ, “అపోహలు వీడండి” అని. మా జిల్లాకి ఆ మాట చెప్పేవాళ్లు కాస్త గొంతు తగ్గించుకుంటే మంచిది. 2009లో, మా జిల్లా ఇంకా విడిపోకముందు, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భసంచి మూతి క్యాన్సర్ రాకుండా ఆపే టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ నడిపిన ప్రాజెక్టు అది. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలు అంగీకరించినట్టు కాగితాలుండాలి కదా! తర్వాత విచారణలో 9,543 కాగితాలు తీసి చూస్తే 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లూ హెడ్‌మాస్టర్లూ. 1,948 మీద వేలిముద్రలు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ తేల్చింది. టీకా నిజంగా మంచిదే, దేశదేశాల్లో పిల్లలకి వేస్తున్నారు. కానీ 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు, 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని కడిగిపారేసింది.

కన్నతల్లి స్థానంలో వార్డెన్ సంతకం పెట్టినచోట పుట్టినదాన్ని అపోహ అనరు, అనుభవం అంటారు. ఇవాళ ఆ ఊళ్లలో ఏ ఏఎన్‌ఎమ్ క్యాన్సర్ అన్న మాటెత్తినా ముసలివాళ్లు “అప్పుడు ఆడపిల్లలకి ఏదో పొడిచారే, అదేనా?” అని అడుగుతారు. అందుకు జవాబు ఏ ఫ్లెక్సీ మీదా లేదు. క్షమించండి అన్న మాటకి ఫ్లెక్సీల్లో చోటుండదు, ఫొటోలకే చాలదు.

ఇంతకీ ఆ గర్భసంచి మూతి పరీక్ష ఏమిటి? ఇంత చదివినవారికి కూడా ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం. వెనిగర్ తెలుసుగా, నూడుల్స్ బండి మీద సీసాలో ఉంటుంది. అందులో ఉండే ఆమ్లాన్నే నూటికి మూడు నుంచి ఐదు వంతుల లెక్కన నీళ్లలో కలిపి, దూదితో గర్భసంచి మూతి మీద అద్ది, ఒక్క నిమిషం ఆగి, లైటు వేసి చూస్తారు. తేడా ఉన్నచోట తెల్లగా కనబడుతుంది. అంతే. కోత లేదు, మత్తు లేదు. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998 నుంచి మురికివాడల్లోని లక్షన్నరమంది ఆడవాళ్లని తీసుకుని, అందులో సగంమందికి ఈ పనే చేశారు. చేసింది పెద్ద డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ పొందిన ఆడవాళ్లు. ముందు గడపగడపకీ వెళ్లి, కూర్చుని, మాట్లాడి, ఆ తర్వాత చూశారు. 2013లో ఫలితం చెప్పారు: పరీక్ష జరిగిన వాడల్లో ఈ క్యాన్సర్ చావులు నూటికి 31 తగ్గాయి. అంత పని చేసిన వెనిగర్ సీసా బొమ్మ మన పోస్టర్ల మీద ఎక్కడైనా ఉందా? ఫొటోలో నవ్వలేదు కాబట్టి దానికి చోటు దక్కలేదు.

తెల్లగా కనబడిన ప్రతిదీ క్యాన్సర్ కాదు. ఒక్కోసారి ఉన్నదీ కనబడదు. ఈ రెండు నిజాలూ చెబితే జనం రారని పెద్దల భయం. ఇంగ్లండులో రొమ్ము పరీక్షకి పిలిచే కరపత్రాన్ని 2013లో తిరగరాశారు. ఒక ప్రాణం నిలిస్తే ముగ్గురు ఆడవాళ్లకి ఎన్నటికీ హాని చేయని గడ్డకి వైద్యం జరుగుతుందని ఒక కమిటీ లెక్కతేల్చితే, ఆ ముక్కని దాచకుండా అందులోనే అచ్చువేసి, ఇక మీరే ఆలోచించుకోండన్నారు. మన దగ్గర అలా అచ్చేయాలంటే ముందు ఆడమనిషికి ఆలోచన ఉంటుందన్న సంగతి జీవోగా రావాలి.

ఇదంతా ఊరికే గొణుగుడు అనుకోకండి, నేనూ ఒక చెయ్యి వేశాను. ఒక ఆఫీసువాళ్లు, పేరెందుకు, “మీరు పత్రికల్లో రాస్తుంటారుగా, సరళమైన తెలుగులో ఒక పోస్టరు రాసివ్వండమ్మా” అని అడిగారు. రాశాను:

“ముప్పై దాటిన ఆడవాళ్లకి. మీకు ఏ బాధా లేకపోయినా రండి, బాధ లేనప్పుడే ఈ పరీక్ష. గర్భసంచి మూతి మీద వెనిగర్‌లాంటి నీళ్లు దూదితో అద్ది ఒక్క నిమిషం చూస్తారు. చూసేది ఆడవాళ్లే. కోత లేదు, మత్తు లేదు. తెల్లమచ్చ కనబడితే క్యాన్సరని కాదు, పెద్దాసుపత్రిలో ఇంకోసారి చూస్తారు, తోడుగా మా మనిషి వస్తుంది. ఈ పరీక్ష ఒక్కోసారి పొరబడుతుంది కూడా. చేయించుకోవాలో వద్దో మీ ఇష్టం. కోతల రోజుల్లో సాయంత్రం ఆరు దాటాక కూడా ఉంటాం. గదికి తలుపుంది. తలుపుకి లోపల గడియ ఉంది.”

వారం తర్వాత సెక్షన్‌లో సూపరింటెండెంటు గారు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. నా కాగితం నిండా ఎర్ర సిరా.

“చాలా బాగుందమ్మా. చిన్న చిన్న మార్పులు. మూతి అన్నచోట ముఖద్వారం పెట్టాం. పొరబడుతుంది అన్నది నెగటివ్‌గా ఉంది, తీసేశాం. ‘మీ ఇష్టం’ అంటే టార్గెట్ దెబ్బతింటుంది. ఆరు దాటాక స్టాఫ్ ఒప్పుకోరు. తోడు వచ్చే మనిషికి బస్సు ఛార్జీలు ఎవరిస్తారని ఆడిట్‌వాళ్లు అడుగుతారు.”

“మరి మిగిలిందేంటండీ?”

“వెనిగర్ ఉంది. అది కూడా వంటింటి వస్తువులా ఉందని ద్రావణం అని మార్చాం. ఆ పైన అయిదు ఫొటోలకి చోటు వదలాలి. ఇంక ఆఖరి లైను...” అని కళ్లజోడు సర్దుకున్నారు. “గడియ ఉందని రాశారు. అది మాత్రం తప్పకుండా తీసెయ్యాలమ్మా.”

“ఎందుకండీ?”

“గడియ లేదు.”

“పెట్టించండి. హార్డ్‌వేర్ షాపులో ఎంతండీ, వందో నూటయాభయ్యో!”

ఆయన నిజంగానే బాధపడ్డారు. ఫైలు తిరగేసి, ఒక పేజీ మీద వేలుపెట్టి చూపించారు. “గడియకి హెడ్ లేదమ్మా. పోస్టరుకుంది.” కాసేపాగి, ఫైలు కట్టేస్తూ అడిగారు: “ఎన్ని వేలు కొట్టించమంటారు?”